పూటకూళ్ల యింటి ఖర్చు

వాక్యభాగము: లూకా 10:30–35



ఈ భాగమును మనమందరము చిన్ననాటినుండి సండే స్కూలులో వినినవారమే. గాయములు కట్టిన సంగతి పిల్లలకు సైతము కంఠతా వచ్చును. 35వ వచనమును మాత్రము మనము త్వరగా దాటిపోవుదుము. సమరయుడు మరునాడు రెండు దేనారములిచ్చి, ఇంకేమైన ఖర్చయినయెడల తిరిగి వచ్చునప్పుడు దానిని తీర్చుటకు ఒప్పుకొనెను. గాయము కట్టుట గడియసేపటి పని. కోలుకొనువరకు భరించుట అనేక దినముల పని. క్షయరోగి విషయములో ఈ రెండవ పనియే పెద్దది.

మా సంఘములోని యువకుడొకడు విశాఖపట్నము ఓడరేవు దగ్గర కూలిపనికి పోయి, దగ్గుతో ఇల్లు చేరెను. చెల్లెలి పెండ్లి చెడునని ఇంటివారు సంగతి దాచిరి. మాకు తెలిసిన తరువాత మేమును రెండు వారములు ఆ గడప తొక్కలేదు. వీధిలో నిలువబడి ప్రార్థన చేసి వచ్చితిమి. చెప్పుకొనుటకు సిగ్గుగానున్నది.

అమెరికాలో డెన్వరు అను పట్టణము కలదు. అక్కడి కొండగాలి రొమ్ముకు మంచిదని విని, పందొమ్మిదవ శతాబ్దము చివర బీద యూదులు అనేకులు క్షయతో అక్కడికి చేరిరి. తూర్పు ఐరోపానుండి వలస వచ్చి, ఇరుకు గదులలో బట్టలు కుట్టి జబ్బుపడినవారు వారిలో ఉండిరి. చేతిలో డబ్బు లేదు, చేర్చుకొను ఇల్లును లేదు. ఫ్రాన్సెస్ జేకబ్స్ అను యూదురాలు వారి కొరకు పాటుపడి 1892లో మరణించెను. కట్టడము లేచినను నడుపుటకు సొమ్ము లేక చాలకాలము మూయబడియుండి, 1899లో ఆసుపత్రి తెరువబడెను. డబ్బు ఇయ్యగలవారికి అందులో చోటు లేదు! ఏ మతస్థులనైనను చేర్చుకొనిరి. అయితే మొదట జబ్బు ముదరనివారికే ప్రవేశము. ముదిరినవారి గతి యేమి? 1904లో బీద పనివారు, వారిలో కొందరు తామే రోగులు, మరియొక సంఘము పెట్టి వారిని కూడ చేర్చుకొనిరి. డాక్టరు చార్లెస్ స్పివాక్ దానికి ముఖ్యుడు.

మన తెలుగు దేశమందును అట్టి యిల్లు వెలసెను. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో అనేక మిషనులు ఏకమై 1915లో క్షయ శానిటోరియము తెరచిరి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానిని నడిపెను. అప్పటికి క్షయను చంపు మందు లేదు. గాలి, విశ్రాంతి, మంచి భోజనము, ఇవే వైద్యము. బీదవాడు నెలల తరబడి మంచము మీదనుంటే ఇంటిలో పొయ్యి వెలుగుట ఎట్లు?

1940లలో మందులు దొరికెను. మద్రాసులో 1956లో మొదలైన పరిశోధనా కేంద్రము, ఇంటనే మందు తినిన బీదలు శానిటోరియములో ఉన్నవారివలెనే దాదాపు బాగుపడిరని 1959లో చూపెను. ఇంటివారికి ఎక్కువ అంటుకొనలేదు. ముఖ్యమైన అపాయము మందు మొదలుకాకముందు గడచిన దినములలోనిది. అనగా మేము వీధిలో నిలిచిన ఆ రెండు వారములలో, భయపడక ఆసుపత్రికి తీసికొనిపోవలసియుండెను.

ఇప్పుడు ప్రభుత్వము మందు ఉచితముగా ఇచ్చుచున్నది, సాధారణముగా ఆరు నెలలు. ఆహారమునకు 2018నుండి నెలకు 500 రూపాయలు, 2024నుండి 1,000 రూపాయలు ఇచ్చుచున్నది. దగ్గు తగ్గగానే మందు మానువారు అనేకులు. మానితే జబ్బు మందుకు లొంగనిదై తిరిగి రావచ్చును.

మా యువకునికి ఇది నాలుగవ నెల. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యపు కానుకలోనుండి ఆ ఇంటికి బియ్యము పంపిరి. అది దేవుని పనికి తీసిన బియ్యమని పెద్ద యొకరు అభ్యంతరము చెప్పిరి. ఆయనతో కలిసి మేము 35వ వచనమును మరల చదివితిమి. మరుసటి ఆదివారము ఆయనయే బియ్యపు సంచి మోసికొని ఆ ఇంటిలోనికి పోయి, చాపమీద కూర్చుండెను.