రాజుల వంశవృక్షంలో కనబడని కొమ్మలు



పెండ్లి కుదిరినవారు మా విచారణ కార్యాలయానికి వచ్చి బల్లముందు కూర్చున్నప్పుడు నేను అడిగే ప్రశ్నలలో ఒకదానికి చాలామంది తడుముకుంటారు. తండ్రి పేరు చెబుతారు, తాతగారి పేరు చెబుతారు, ఇంటిపేరైతే అడగకముందే చెబుతారు. "మీ అమ్మమ్మగారి పేరేమిటి? ఆమె పుట్టింటివారు ఎవరు?" అంటే మాత్రం పెండ్లికొడుకు తల్లివైపు చూస్తాడు, తల్లి తన అన్నవైపు చూస్తుంది, ఆ అన్నగారు ఫోను తీసి ఊరికి చేస్తారు. ఏజెన్సీ గ్రామాలవారైతే సిగ్నలు అందక ఆ ప్రశ్న వచ్చే ఆదివారానికి వాయిదా పడుతుంది. ఇక్కడ కృష్ణదేవిపేటలోనూ అంతే, నేను ఇదివరకు పనిచేసిన విచారణలలోనూ అంతే.

మన సామాన్యుల మాట అటుంచి, తమ వంశాన్ని చంద్రుని నుండి లెక్కకట్టించుకున్న రాజులు ఈ ప్రశ్నకు ఏమి సమాధానం ఇచ్చారో ఈ వారం చూద్దాం.

వేంగిని పాలించిన తూర్పు చాళుక్యులు క్రీ.శ. 624లో కుబ్జవిష్ణువర్ధనునితో మొదలయ్యారు. వారు భూదానం చేసినప్పుడల్లా రాగిరేకులపై శాసనం చెక్కించేవారు. అందులో ముందుగా వంశావళి ఉంటుంది: ఫలానావాని కొడుకు ఫలానావాడు, ఇన్నేండ్లు ఏలాడు, అతని కొడుకు ఇన్నేండ్లు. నాలుగు వందల ఏండ్ల చరిత్రను ఈ రేకుల సాయంతోనే పండితులు వరుసగా పేర్చగలిగారు. ఆ వరుసలో తల్లుల పేర్లు బహు తక్కువ. కుబ్జవిష్ణువర్ధనుని రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని జైన వసతికి దానం చేసింది గనుక ఆమె పేరు నిలిచింది. దానం చేయని రాణుల పేర్లు ఎన్ని మరుగునపడ్డాయో!

కాని పదకొండవ శతాబ్దానికి వచ్చేసరికి తల్లుల పేర్లు చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది. ఎందుకంటారా? సింహాసనమే తల్లివైపు నుండి రావలసి వచ్చింది.

తంజావూరు ఏలిన రాజరాజచోళుడు తన కుమార్తె కుందవను వేంగి చాళుక్యుడైన విమలాదిత్యునికి ఇచ్చాడు. (2022లో వచ్చిన 'పొన్నియిన్ సెల్వన్' సినిమా చూసినవారు పొరబడవద్దు. అందులోని కుందవ రాజరాజు అక్కగారు. ఈమె ఆయన కూతురు, మేనత్త పేరే పెట్టుకున్నారు. వంశావళి చదివేవారికి ఇలాంటి పేర్లే పెద్ద తలనొప్పి.) విమలాదిత్యుడు పోయాక అతని ఇద్దరు భార్యల కొడుకుల మధ్య తగవు వచ్చింది. కుందవ కొడుకు రాజరాజనరేంద్రునికి మేనమామ రాజేంద్రచోళుడు సైన్యంతో అండగా నిలిచాడు. సవతితమ్ముడు విజయాదిత్యునికి కళ్యాణి చాళుక్యులు అండ. 1022లో పట్టం రాజరాజనరేంద్రునికే దక్కింది. మన పిల్లలు పాఠాలలో చదివే నన్నయగారి రాజు ఈయనే. రాజమహేంద్రవరం కొలువులో తెలుగు భారతం మొదలవడానికి వెనుక తంజావూరు ఆడపడుచు పెండ్లి ఒకటి ఉందన్నమాట.

కథ ఇక్కడితో ఆగలేదు. రాజరాజనరేంద్రుడు తన మేనమామ కూతురు అమ్మంగదేవిని పెండ్లాడాడు. వారికి పుట్టిన కొడుకుకు తల్లి తండ్రి పేరే పెట్టారు, రాజేంద్రుడని. ఆ రాజేంద్రుడు మళ్ళీ తన మేనమామ కూతురు మధురాంతకిని చేసుకున్నాడు. రెండు తరాలు వరుసగా మేనరికం! 1070లో చోళ సింహాసనానికి వారసుడు కరవైనప్పుడు ఈ వేంగి రాకుమారుడే అక్కడికి వెళ్ళి కులోత్తుంగచోళుడనే పేరుతో కూర్చుని యాభై ఏండ్లదాకా ఏలాడు. తండ్రి వంశం ప్రకారం చూస్తే చాళుక్యుడు. చోళరాజ్యానికి అతని హక్కంతా తల్లివైపు నుండి, నాయనమ్మవైపు నుండి వచ్చినదే. ఇద్దరు ఆడపడుచులను లెక్కలోనుండి తీసివేయండి, అతడు తంజావూరుకు పరాయివాడు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని కులోత్తుంగుని పేరు అడుగున రాసి పైకి వెళ్ళండి. తల్లిదండ్రులు ఇద్దరు, వారి తల్లిదండ్రులు నలుగురు, వారి తల్లిదండ్రులు ఎనిమిదిమంది కావాలి. కాని ఎనిమిది స్థానాలలో రెండుచోట్ల ఒకే పేరు వస్తుంది: రాజరాజచోళుడు. నాయనమ్మ కుందవకు తండ్రి ఆయనే, తల్లి తండ్రి రాజేంద్రునికి తండ్రి కూడా ఆయనే. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజులలో పోర్ఫిరీ వృక్షమని ఒకటి మాచేత వల్లె వేయించారు. అందులో ప్రతి వస్తువుకూ ఒకే ఒక స్థానం, కొమ్మలు విడిపోవడమేగాని కలవడం లేదు. నిజమైన కుటుంబాలు ఆ చెట్టువంటివి కావు. మర్రి ఊడల్లాగా మళ్ళీ వచ్చి మొదట్లోనే దిగుతుంటాయి.

ఇక్కడ మన శ్రీసభ లెక్క ఒకటి తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే మీలో చాలామందికి ఇది పనికివచ్చే విషయం. వరుడు, వధువు రక్తసంబంధులైతే ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పూర్వికుని దాకా ఒకవైపు ఎక్కి, మరొకవైపు దిగి, ఆ పూర్వికుణ్ణి వదిలి మిగిలినవారిని లెక్కపెట్టాలి. రాజరాజనరేంద్రుడు, అతని తల్లి కుందవ: రెండు. అటువైపు రాజేంద్రచోళుడు, అతని కూతురు అమ్మంగదేవి: మరో రెండు. మొత్తం నాలుగు మెట్లు. 1983 శ్రీసభ చట్టం ప్రకారం పక్కవరుసలో నాలుగు మెట్లలోపు సంబంధానికి వివాహం చెల్లదు, మేత్రాణులు మినహాయింపు ఇస్తే తప్ప. అందుకే మేనరికం కుదుర్చుకుని వచ్చినవారిచేత నేను అర్జీ రాయించి పీఠానికి పంపుతాను. అక్కకూతురిని చేసుకోవడమైతే మూడే మెట్లు, మరింత దగ్గర. అన్నాచెల్లెళ్ళ సంబంధానికి ఎవరూ ఎన్నటికీ మినహాయింపు ఇవ్వలేరు.

ఈ నియమం మనమీద కక్షతో పెట్టినదని కొందరు అనుకుంటారు. ఐరోపా రాజులు దీనితో పడిన పాట్లు వింటే అలా అనుకోరు. మొదట ఏడు తరాలదాకా నిషేధం ఉండేది. అది దాదాపు ఎవరూ పాటించలేనిది. పైగా భార్యను వదిలించుకోదలచిన ప్రభువులకు మంచి సాకుగా మారింది. ఫ్రాన్సు రాజు ఏడవ లూయీ, రాణి ఎలియనోర్ పదిహేనేండ్లు కాపురం చేశాక, 1152లో, తాము దగ్గర చుట్టాలమన్న కారణం చూపి విడిపోయారు. కొద్ది వారాలకే ఆమె పెండ్లాడిన హెన్రీ ఆమెకు అంతకంటే దగ్గర చుట్టం! 1215లో నాలుగవ లాతరన్ మహాసభ ఆ ఏడు తరాలను నాలుగుకు తగ్గించింది.

స్పెయినులోని కాస్టీల్ రాకుమార్తె ఇసబెల్లా, అరగాన్ రాకుమారుడు ఫెర్డినాండు 1469లో పెండ్లాడినప్పుడు వారికీ మినహాయింపు అవసరమైంది. పెండ్లిలో చదివిన పత్రం అప్పటికే చనిపోయిన రెండవ పయస్ పోపుగారి పేరిట సృష్టించినది. అసలైన మినహాయింపు 1471లో నాల్గవ సిక్స్టస్ పోపుగారు ఇచ్చారు. ఆ దంపతుల నలుగురు కుమార్తెల కథ వింటే మన పల్లెల్లోని పెద్దమ్మలు కూడా ముక్కున వేలేసుకుంటారు. పెద్దకూతురిని 1497లో పోర్చుగల్ రాజు మాన్యుయేల్‌కు ఇచ్చారు. వాస్కోడిగామాను మన దేశానికి పంపిన రాజు ఈయనే. ఆమె మరుసటి ఏడు కాన్పులో చనిపోయింది. 1500లో ఆమె చెల్లెలు మరియాను ఆయనకే ఇచ్చారు. ఆమె కూడా పోయాక 1518లో ఆయన మూడవ పెండ్లి ఎవరితో? ఆ అక్కచెల్లెళ్ళ మరో సోదరి హువానా కూతురితో! ఆఖరి కూతురు కాథరీన్‌ను ఇంగ్లండు యువరాజు ఆర్థరుకు ఇచ్చారు. అతడు 1502లో చనిపోగా మినహాయింపుతో అతని తమ్ముడు ఎనిమిదవ హెన్రీకి ఇచ్చారు. ఆ మినహాయింపు చెల్లదని హెన్రీ వాదించడంతో మొదలైన తగవు ఎక్కడికి పోయిందో మీకు తెలుసు: 1534 నాటికి ఇంగ్లండు శ్రీసభ రోమునుండి విడిపోయింది.

స్పెయిన్ రాజు నాల్గవ ఫిలిప్పు తన చెల్లెలి కూతురు మరియానాను చేసుకున్నాడు. మన అక్కకూతురి సంబంధం వంటిదే. అంతకు ముందు తరాలలోనూ ఆ ఇంట ఇలాంటివే. వారి కొడుకు రెండవ చార్లెస్ పుట్టుకనుండి రోగి, సంతానం లేకుండా 1700లో మరణించాడు. అతని సింహాసనం కోసం ఐరోపా పదమూడేండ్లకు పైగా యుద్ధం చేసింది. మేనరికం వద్దని డాక్టరు చెబితే కోపం తెచ్చుకునేవారు ఈ ఇంటి వంశవృక్షాన్ని ఒకసారి చూడాలి.

తిరిగి మన ప్రాంతానికి వద్దాం. మన ఉత్తరాంధ్ర అప్పట్లో కళింగం. శ్రీకాకుళం దగ్గరి ముఖలింగం రాజధానిగా ఏలిన గాంగరాజు రాజరాజదేవేంద్రవర్మకు చోళ రాకుమార్తె రాజసుందరిని ఇచ్చారు. వారి కొడుకే 1078లో పట్టానికి వచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడు, పూరీ జగన్నాథాలయం కట్టించిన రాజు. ఆ పేరును విడదీసి చూడండి: చోడ, గంగ. తల్లి పుట్టిల్లు ముందు, తండ్రి ఇల్లు తరువాత. అమ్మమ్మ ఊరు తెలియక తడుముకునే పెండ్లికొడుకులకు నేనీ పేరే చెబుతుంటాను.

తల్లివైపును సరిగా అడగకపోతే ఎంత పొరబాటు జరుగుతుందో కాకతీయ రుద్రమదేవి విషయంలో తెలుస్తుంది. ఆమె గణపతిదేవుని కూతురు, నిడదవోలు చాళుక్య వీరభద్రుని భార్య. ఇటలీ యాత్రికుడు మార్కోపోలో మాత్రం ఆమెను చనిపోయిన రాజుగారి విధవగా రాసుకున్నాడు. స్త్రీ సింహాసనంపై ఉన్నదంటే భర్త వదిలిపోయినదే అయి ఉంటుందని అతని లెక్క కాబోలు. ఆమె తరువాత రాజ్యం ఏలిన ప్రతాపరుద్రుడు కూడా ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకే.

మరో రెండు వందల ఏండ్లు దాటి రండి. కృష్ణదేవరాయలు గజపతులను గెలుస్తూ మన సింహాచలం దాకా వచ్చాడు, 1516 నాటి శాసనం అక్కడ ఉంది. ఆఖరున సంధి కుదిరి గజపతి తన కూతురిని రాయలకు ఇచ్చాడు. ఆ పిల్ల పేరేమిటి? తుక్కాదేవి అని కొందరు, జగన్మోహిని అని కొందరు, అన్నపూర్ణ అని మరికొందరు రాశారు. యుద్ధంలో పట్టుబడ్డ కోటల పేర్లన్నీ తేదీలతో సహా ఉన్నాయి. యుద్ధాన్ని ఆపిన పిల్ల పేరు దగ్గర మాత్రం ఏకాభిప్రాయం లేదు. అదే రాయల ఇంట మరో వింత: ఆయన అల్లుడు రామరాయలు చరిత్రలో 'అళియ రామరాయలు'గానే మిగిలాడు. కన్నడంలో అళియ అంటే అల్లుడు. భార్యనుబట్టి తెలిసే మగవారు ఇంత తక్కువగా ఉంటారు గనుకనే, పునీత మత్తయిగారు తమ సువార్త మొదట్లో రాసిన వంశావళి నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. తండ్రుల పేర్లు వరుసగా చెబుతూ వచ్చి తామారు దగ్గర, రాహాబు దగ్గర, మోవాబు దేశపు రూతు దగ్గర ఆగుతారు. ఊరియా భార్యను పేరు చెప్పకుండానే స్మరిస్తారు. చివరికి జోజప్పగారిని మరియమ్మ భర్తగా పరిచయం చేస్తారు.

ఇక నా బల్ల దగ్గరికి వస్తాను. ఊరు చెప్పను, ఇంటిపేర్లు చెప్పను. ఒక సంబంధం కుదిరి, చీరలు కూడా కొన్నాక కాగితం రాయడానికి వచ్చారు. వేరువేరు ఊళ్ళు, వేరువేరు ఇంటిపేర్లు, "చుట్టరికం ఏమీ లేదు ఫాదర్" అన్నారు. పాత జ్ఞానస్నాన రిజిస్టరు తెప్పించి చూస్తే అబ్బాయి అమ్మమ్మ, అమ్మాయి అమ్మమ్మ ఒక తల్లి బిడ్డలు. శ్రీసభ లెక్కలో ఆరు మెట్లు, ఏ ఆటంకమూ లేదని చెప్పాను. పెద్దలు ఒప్పుకోలేదు. అమ్మలిద్దరూ అక్కచెల్లెళ్ళ వరస అయితే పిల్లలు అన్నాచెల్లెళ్ళవుతారు గదా అన్నారు. ఇదే కుటుంబంవారు అంతకు రెండేండ్ల ముందు నాలుగు మెట్ల మేనరికం తెచ్చి, దానికి మేత్రాణుల అనుమతి ఎందుకని నాతో వాదించినవారు!

ఆ అక్కచెల్లెళ్ళలో ఒకామె ఇంకా బ్రతికి ఉంది. ఆమెను ఆటోలో తీసుకువచ్చారు. అంతా విని, "మా అప్ప పోయి నలభై ఏండ్లయింది. ఇన్నాళ్ళూ ఒక్కరైనా దాని పేరు తలిచారా? పెండ్లి ఆపడానికి గుర్తొచ్చిందా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆ పెండ్లి జరగలేదు. ఆ అమ్మాయికి ఈ ఏడు మరొక ఊరి సంబంధం కుదిరింది. కాగితం రాయడానికి వచ్చిన రోజు నేను ప్రశ్న అడగకముందే నోటుపుస్తకంలోనుండి చింపిన ఒక కాగితం తీసి బల్లమీద పెట్టింది. ఇరువైపుల అమ్మమ్మలు, నాయనమ్మలు, ఆ నలుగురి తల్లులు, ఎనిమిది గడులు గీసింది. ఆరు గడులలో పేర్లున్నాయి.

"మిగతా రెండూ ఆదివారానికి కనుక్కుని వస్తాను ఫాదర్" అంది.