సోలార్ సబ్సిడీ ఎవరి ఖాతాలో పడుతుంది?

ప్రశ్న: మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాలనుకుంటున్నాం. సబ్సిడీ పోను మిగతాది కడితే చాలంటున్నాడు ఏజెంటు. నమ్మొచ్చా?

జవాబు: తొందరపడకండి. పీఎం సూర్యఘర్ పథకంలో సొంతంగా పెట్టించుకునేవారికి 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయలు ఇస్తుంది. ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ పెట్టి, తనిఖీ పూర్తయ్యాకే ఆ డబ్బు మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. 5 కిలోవాట్లు పెట్టినా సబ్సిడీ అంతే. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. ప్యానెళ్లు, వాటిలోని సెల్స్ మనదేశంలో తయారైనవి కాకపోతే పైసా రాదు. బిల్లులో ఆ మాట రాయించుకోండి.

అనుమతి గురించి బెంగ వద్దు. 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు ముందస్తు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ వెండర్ పేరు పథకం పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోండి.