పాదానికి తగిన అచ్చు, అచ్చుకు తగిన చెప్పు



మీ ఇంట్లో షుగరు జబ్బు ఉన్నవారు గానీ, పూర్వం కుష్ఠు వ్యాధి వచ్చి మందులతో నయమైనవారు గానీ ఉంటే, వారి పాదాలలో స్పర్శ తగ్గిందని డాక్టరుగారు చెప్పే ఉంటారు. "మంచి చెప్పులు వేయించండి" అని కూడా చెప్పి ఉంటారు. మంచి చెప్పు అంటే ఏమిటో తెలియక చాలామంది అంగడికి పోయి ఎక్కువ ఖరీదు పెట్టి కొని తెస్తారు. ఖరీదుకూ మంచికీ ఇక్కడ సంబంధం లేదు. పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు బెంగుళూరులో ఉద్యోగం చేసే మనవడు ప్రేమగా మెరిసే బూట్లు కొనిచ్చాడు. ముందు వైపు సన్నగా, ముక్కు తేలి ఉన్న బూట్లు. పెండ్లిలో రోజంతా అవి వేసుకొని తిరిగాడు. నొప్పి తెలియలేదు. మూడో రోజు మేజోడుకు రక్తం అంటితే కోడలు చూసింది. చిటికెన వేలి పక్కన రూపాయి బిళ్ళంత పుండు. అది మానడానికి నాలుగు నెలలు పట్టింది. మనవడిది తప్పనడానికి లేదు, చెప్పు లోపలి ఆకారాన్ని చూసి కొనాలని అతనికి ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ పాఠం.

చెప్పు కంటే ముందు అచ్చు

బూట్లు కుట్టే చోట చెక్కతో గానీ గట్టి ప్లాస్టిక్కుతో గానీ చేసిన కాలి ఆకారపు దిమ్మెలు ఉంటాయి. వాటిని అచ్చులు అంటాము. ఫ్యాక్టరీలలో లాస్ట్ అంటారు. తోలును ఆ అచ్చు మీద పరచి, గట్టిగా లాగి, కింద అట్టకు అతికించి, అది బిగుసుకునే దాకా అలాగే ఉంచుతారు. తరువాత అచ్చును బయటికి లాగేస్తారు. అచ్చు ఖాళీ చేసిన ఆ చోటులోకే మీ నాన్నగారి పాదమో, మీ అత్తగారి పాదమో వెళ్ళాలి. ఇడ్లీ పాత్రలో గుంట ఎలా ఉంటే ఇడ్లీ అలా వస్తుంది కదా! అచ్చు ముందు భాగం సన్నగా ఉంటే బూటూ సన్నగానే వస్తుంది. పైన ఎంత మెత్తటి తోలు వేసినా ఆ లోపం పోదు.

ఈ అచ్చు సంగతిని మనుషులు చాలా ఆలస్యంగా పట్టించుకున్నారు. సుమారు 200 ఏళ్ళ క్రితం వరకు ఐరోపాలోనూ అమెరికాలోనూ ఎక్కువ బూట్లకు కుడి ఎడమ తేడా కూడా ఉండేది కాదు. ఒకే రకం అచ్చు మీద రెండూ కుట్టేవారు. 1858లో స్విట్జర్లాండులోని జూరిక్ నగరంలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే హెర్మన్ మేయర్ అనే ఆచార్యుడు చెప్పు సరైన ఆకారం గురించి ఒక పుస్తకం రాశాడు. మడమ మధ్య నుంచి గీత గీస్తే అది బొటనవేలి మధ్యగా నేరుగా సాగాలి, బూటు ఆ వేలిని లోపలికి నెట్టకూడదు అన్నది అతని వాదన. తరువాత అమెరికా సైన్యంలో మున్‌సన్ అనే వైద్యుడు సుమారు 2000 మంది సైనికుల పాదాలను పరీక్షించి, 1912లో వేళ్ళకు విశాలంగా చోటున్న కొత్త అచ్చును తెచ్చాడు. బూటు కరిస్తే సైనికుడు నడవలేడు, యుద్ధం చేయలేడు. ఆ అవసరం వల్ల అచ్చు బాగుపడింది. సైనికుడికైనా నొప్పి తెలుస్తుంది, బూటు విప్పి పారేస్తాడు. మన రోగులకు ఆ నొప్పే లేదు.

మన పాదాలు వెడల్పు

కుప్పం వారికి ఆంబూరు, వాణియంబాడి కొత్త ఊళ్ళు కావు. రైలెక్కితే చేరుకునేంత దగ్గర. అక్కడి ఫ్యాక్టరీలలో లక్షల జతల బూట్లు తయారై విదేశాలకు పోతాయి. వాటి అచ్చులు ఆ దేశాల వారి కాళ్ళ కొలతలకు చేసినవి. మన దేశంలో అమ్మే బూట్లు కూడా చాలాకాలంగా ఇంగ్లీషు సైజులోనో, యూరపు సైజులోనో వస్తున్నాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ వారు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా ప్రజల పాదాలను యంత్రాలతో కొలిచారు. మనవారి పాదాలు ఐరోపా, అమెరికా వారి పాదాల కంటే వెడల్పుగా ఉన్నట్టు తేలింది. దానిని బట్టి భారతీయులకు వేరే సైజుల పద్ధతి ఉండాలని ప్రతిపాదించి, దానికి 'భ' అని పేరు పెట్టారు.

నిజానికి ఈ సంగతి మదనపల్లె టమోటా మార్కెట్టులో బుట్టలు మోసేవారిని చూస్తే చాలు. చిన్నప్పటి నుంచి చెప్పు లేకుండా పొలంలో తిరిగిన పాదం వేళ్ళు విప్పారి ఉంటాయి. మన పెద్దలు వేసుకున్న తోలు మెట్లలో వేళ్ళకు అడ్డం ఉండేది కాదు గనుక ఇబ్బంది తెలియలేదు. అటువంటి పాదాన్ని తెచ్చి సన్నటి అచ్చు మీద చేసిన బూటులో దూరిస్తే ఏమవుతుంది? అంగడాయన "వేసుకుంటూ పోతే సాగుతుంది లెండి" అంటాడు. స్పర్శ లేని కాలికి ఆ మాట ఎంతమాత్రం పనికిరాదు. బూటు సాగేలోపల చర్మం చచ్చిపోతుంది.

పుండు ఎలా పడుతుంది

డాక్టర్ పాల్ బ్రాండ్ గారి పేరు వేలూరు ఆసుపత్రికి వెళ్ళినవారు విని ఉంటారు. ఆయన 1914లో తమిళనాడు కొల్లిమలై కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు సర్జనుగా వచ్చారు. ఆ రోజుల్లో కుష్ఠు రోగుల వేళ్ళు వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయని అందరూ నమ్మేవారు. అది నిజం కాదని ఆయన చూపించారు. మాంసంలో దోషం లేదు, నొప్పి తెలియకపోవడం వల్ల తగిలే దెబ్బలే కారణం అన్నారు. అయితే పాదాలకు ఏమి తొడగాలి? ఆయన, వేలూరు దగ్గర కరిగిరి కుష్ఠు ఆసుపత్రిలోని వారు చెక్క, మైనం, ప్లాస్టర్, రబ్బరు ఎన్నో రకాలుగా చేసి చూశారు. చివరికి సన్నని గాలి గదులున్న మెత్తని రబ్బరు అనుకూలమని తేలింది. దానినే ఎంసీఆర్ అంటాము. ఈనాడు షుగరు రోగులకు ఇచ్చే చెప్పులలో వేసేదీ అదే.

నొప్పి తెలియని పాదానికి మూడు విధాలుగా దెబ్బ తగులుతుంది. ముల్లు, గాజు, మేకు గుచ్చుకోవడం ఒకటి. ఇది అందరికీ తెలుసు. రెండోది, బిగుతు చెప్పు. వేలిని మెల్లగా, గంటల తరబడి నొక్కుతుంది. ఆ చోట రక్తం ఆడదు, చర్మం నల్లబడి పుండవుతుంది. మీకూ నాకూ అయితే పది నిమిషాలకే కాలు అటూ ఇటూ కదిలిస్తాము, చెప్పు విప్పుతాము. వారు కదిలించరు. అచ్చు దోషం వల్ల వచ్చేది ఈ రెండో రకం పుండే. మూడోది, అరికాలిలో ఒకే చోట అడుగడుగునా బరువు పడి లోపల నలిగిపోవడం. బొటనవేలి మొదట, మునివేళ్ళ గుబ్బ కింద ఆనె కట్టి ఉంటే దాని అడుగున పుండు దాగి ఉండవచ్చు. ఆనెను బ్లేడుతో మీరే కోయవద్దు. అంగట్లో అమ్మే ఆనెల మందు, పట్టీలు వేయవద్దు. వాటిలోని ఆమ్లం మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది.

స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే చూడవచ్చు. వారిని కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొనతో బొటనవేలి చివర, నడిమి వేలి చివర, చిటికెన వేలి చివర ఒకటి రెండు సెకండ్లు తేలికగా తాకండి. నొక్కవద్దు, గీరవద్దు. రెండు కాళ్ళకూ కలిపి ఆరు చోట్లు. తాకినప్పుడల్లా కుడి, ఎడమ అని చెప్పమనండి. రెండు చోట్ల గానీ అంతకంటే ఎక్కువ గానీ చెప్పలేకపోతే స్పర్శ తగ్గినట్టే. ఆసుపత్రికి తీసుకురండి.

చెప్పు కొనేటప్పుడు

సాయంత్రం పూట కొనండి. పగలంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది. పొద్దున సరిపోయినది సాయంత్రం బిగుస్తుంది. కొనే ముందు ఇంట్లో ఒక పని చేయండి. వారిని తెల్ల కాగితం మీద నిలబెట్టి, పెన్సిలు నిలువుగా పట్టుకొని పాదం చుట్టూ గీయండి. కూర్చోబెట్టి గీస్తే కొలత తక్కువ వస్తుంది. రెండు కాళ్ళూ గీయండి, ఎందుకంటే రెండూ సమానంగా ఉండవు. గీత వెంబడి కత్తిరించి ఆ కాగితాన్ని అంగడికి తీసుకుపోండి. బూటు లోపల దానిని పరచండి. అంచు ఎక్కడైనా మడత పడితే ఆ బూటు వద్దు. వేళ్ళ ముందు 1 నుంచి 2 సెంటీమీటర్ల చోటు మిగలాలి. పైన కూడా వేళ్ళు తోలుకు తగలనంత ఎత్తు ఉండాలి.

మడమ వెనుక పట్టీ తప్పనిసరి. హవాయి చెప్పు జారిపోయినా స్పర్శ లేనివారికి తెలియదు, ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చినవారిని చూశాను. వేళ్ళ సందులో పట్టీ ఉన్నవి కూడా వద్దు. అడుగున గట్టి రబ్బరు, పైన మెత్తని ఎంసీఆర్ ఉండాలి. మేకులు ఉండకూడదు. తెగినప్పుడు బస్టాండు దగ్గర కుట్టే ఆయనకు మేకు కొట్టవద్దని, దారంతో కుట్టి సొల్యూషనుతో అతికించమని ముందే చెప్పండి.

వేళ్ళు వంగిపోయినవారికి, వేలు తీసేసినవారికి అంగడి చెప్పు కుదరదు. చెప్పులు చేసే సాంకేతిక నిపుణుడు వారి పాదం కొలిచి, అచ్చు మీద ఎముక పొడుచుకు వచ్చిన చోట తోలు ముక్కలు అంటించి అచ్చునే పెద్దది చేస్తాడు. మరీ వంకర ఉంటే ప్లాస్టరుతో పాదం మూస తీసి, దానిలో మళ్ళీ ప్లాస్టరు పోసి ఆ పాదానికే ప్రత్యేకంగా అచ్చు తయారు చేస్తాడు. ఇప్పుడు కొన్ని చోట్ల కంప్యూటరు స్కానింగుతో కొలిచి యంత్రంతో అచ్చు చెక్కుతున్నారు. పద్ధతి ఏదైనా పాదాన్ని చూసి అచ్చు చేయాలి గానీ అచ్చుకు తగినట్టు పాదాన్ని వంచకూడదు. కుష్ఠు వల్ల స్పర్శ పోయినవారికి ప్రభుత్వ కార్యక్రమం కింద ఎంసీఆర్ చెప్పులు ఉచితంగా ఇస్తారు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.

ఇచ్చిన చెప్పులు కొందరు అటక మీద పెట్టేస్తారు. "ఈ నల్ల చెప్పులు వేసుకుంటే ఊర్లో అందరూ కనిపెడతారు సిస్టరమ్మా" అని ఒకామె నాతో అన్నది. ఆమె మాట తీసిపారేయదగినది కాదు. కూతురి పెండ్లి సంబంధాలు చూస్తున్న ఇల్లు అది. అటువంటప్పుడు తోలు రంగు, పట్టీల తీరు మార్చి మామూలు శాండలు లాగా చేసి ఇమ్మని అడగండి, చేస్తారు. లోపల ఎంసీఆర్, వెనుక పట్టీ ఉంటే పై రంగు ఏదైనా పరవాలేదు. ఇంట్లో మరొకరు కూడా అటువంటివే వేసుకుంటే ఇంకా మంచిది.

కొత్త చెప్పు మొదటి రోజు అరగంట మాత్రమే వేయించండి. విప్పి పాదం అంతా చూడండి. ఎర్రగా కందిన మచ్చ కాసేపటికీ పోకపోతే ఆ చోట చెప్పు నొక్కుతున్నట్టు. ఆ చెప్పును, పాదాన్ని రెండింటినీ మాకు చూపించండి. మచ్చ లేకపోతే రోజుకు కొంచెం కొంచెం పెంచండి. వేసుకునే ముందు చెప్పు లోపల చేయి పెట్టి తడమడం ఇంట్లో పిల్లలకు అప్పగించండి, వారు సంతోషంగా చేస్తారు. గోళీ, చింతపిక్క, మట్టిబెడ్డ ఏదైనా దొరుకుతుంది. కాళ్ళు ఉబ్బే ఆడవారికి మెట్టెలు బిగుసుకుంటాయి, అవీ చూడండి. గుడికి గానీ చర్చికి గానీ వెళ్ళినప్పుడు చెప్పులు బయట విడవవలసి వస్తే, నేల కాలకముందే పొద్దున్నే వెళ్ళి రండి. మందమైన నూలు మేజోళ్ళు వేయించండి. ఎండాకాలంలో రాతి మెట్ల మీద నాలుగడుగులు వేసి అరికాలంతా బొబ్బలెక్కినవారు ప్రతి ఏడూ వస్తారు.

ఎంసీఆర్ నెలలు గడిచేకొద్దీ అణగిపోతుంది. బొటనవేలితో నొక్కి చూడండి. నొక్కిన చోట మళ్ళీ పైకి లేవకపోతే మార్చవలసిందే. పుండు, నీరు కారడం, వాపు, వేడి, వేలి రంగు మారడం, వీటిలో ఏది కనిపించినా నొప్పి లేదు కదా అని ఆగకుండా అదే రోజు తీసుకురండి. వచ్చేటప్పుడు ఇంట్లో వాడే జతలన్నీ, పాతవి కూడా, సంచిలో వేసుకొని రండి. పుండు ఎందుకు పడిందో చాలాసార్లు ఆ పాత చెప్పు అరుగుదలలోనే మాకు తెలుస్తుంది.