కారునకు రహదారి పత్రము

మన బొమ్మనహళ్ళి మీదుగా పోవు హోసూరు రోడ్డున కృష్ణగిరి మార్గముగా సుమారు 350 కిలోమీటర్లు పయనించినచో చెన్నై ఓడరేవు చేరుదుము. అచటనుండి కారును ఓడపై విదేశములకు పంపవచ్చును. ముచ్చటపడి కొనుక్కొన్న తమ కారులోనే పరదేశములు చూడగోరువారికి అవసరమగు ఒక సంగతిని మనము తెలిసికొందము.

తన గడ్డపై దిగిన పరాయి కారునకు ఏ దేశమైనను దిగుమతి సుంకము కోరును. కాని అమ్మకమునకు గాక విహారమునకు తెచ్చినవాడు సుంకమేల చెల్లింపవలెను? ఈ చిక్కును తీర్చునదే ‘కార్నె’ అను పత్రముల పుస్తకము. 1954లో న్యూయార్కున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక దీనికి ఆధారము. అన్ని దేశములును దీనిని కోరవు. ఇరాను, ఆస్ట్రేలియా వంటివి సాధారణముగా కోరును.

మోటారు సంఘము యజమానివద్ద హామీ సొమ్ము గైకొని, ఒక సంవత్సరము చెల్లునట్టి ఈ పుస్తకము నిచ్చును. ప్రతి పుటకును మూడు భాగములు. కారు ప్రవేశించునపుడొకటి, వెడలునపుడొకటి సుంకాధికారులు చింపుకొందురు. మూడవది వారి ముద్రలతో పుస్తకముననే నిలుచును.

వెడలినట్లు ముద్ర లేనిచో, కారు ఆ దేశముననే ఉండిపోయినదని యెంచి సుంకము అడుగుదురు. హామీ సొమ్మునకే ముప్పు వచ్చును. కావున సరిహద్దున ఎంత తొందరయున్నను, ముద్ర పడినదని చూచుకొనిన పిదపనే బండిని కదలింపవలెను.