మన గది నేలకు అంచనా వేయుట

విద్యార్థులారా! దీర్ఘచతురస్రపు వైశాల్యమును కనుగొనుట మీరు చిన్న తరగతులలోనే నేర్చితిరి. పొడవును వెడల్పుచే గుణించినచో వైశాల్యము వచ్చునని మీలో ప్రతివారును చెప్పగలరు. కాని ఆ లెక్క పుస్తకము విడిచి మన గది నేలమీదికి దిగివచ్చినప్పుడు దానికి తోడు మరికొన్ని సంగతులు తెలిసియుండవలెను. ఈ విషయము మాకు ఒక కుటుంబము యొక్క అనుభవము వలన బోధపడినది. ముందుగా దానిని చెప్పి, పిమ్మట అంచనా వేయు పద్ధతిని వివరింతుము.

మేమెరిగిన విద్యార్థి యొకడు దాదర్‌లోని ఒక పాత చాల్‌లో మూడవ అంతస్తున నివసించును. అక్క పెండ్లికి ముందు గదికి కొత్త నేల వేయింపవలెనని అతని తలిదండ్రులు తలచిరి. తల్లి తన గాజులు కుదువబెట్టి సొమ్ము తెచ్చినది. లెక్క వేయు భారము కొడుకుపై బడినది. గది పొడవు 16 అడుగులు, వెడల్పు 10 అడుగులు. వైశాల్యము 160 చదరపుటడుగులు. మూలనున్న మోరీ 4 అడుగులకు 3 అడుగులు. అది 12 చదరపుటడుగులు. తీసివేయగా మిగిలినది 148. దుకాణమువారు చూపిన టైలు రెండడుగుల చదరము. కావున 148ని 4చే భాగించి 37 టైళ్ళు చాలునని బాలుడు చెప్పెను. పెట్టెకు 4 చొప్పున 10 పెట్టెలు కొనిరి. మూడు టైళ్ళు మిగులునని సంతోషించిరి.

పని ముగియునప్పటికి రెండు టైళ్ళు తక్కువైనవి. దుకాణమునకు పరుగెత్తగా ఆ విడత సరకు అయిపోయినదనియు, కొత్త విడత రంగు కొంచెము భేదించుననియు చెప్పిరి. వేరు రంగు టైళ్ళు రెండును ఇప్పుడు మంచము క్రింద దాగియున్నవి. గోడ అడుగున వేయవలసిన స్కర్టింగుకు టైళ్ళే లేవు. అంతకంటె కష్టమేమనగా, టైళ్ళ ధర యొకటియే ఖర్చని తలచినందున మేస్త్రి కూలికై తండ్రి మరల అప్పు చేయవలసి వచ్చెను. “నా గుణకారము తప్పా?” అని ఆ బాలుడు మమ్ము అడిగెను. గుణకారము తప్పు కాదు. తప్పు ఎక్కడనున్నదో మనమిప్పుడు వెదకుదము.

అంతకు ముందు ఒక మాట. ఈ నగర నిర్మాణములో మనవారి చెమట చాల కలదు. నిజాము రాజ్యమునందలి తెలుగు ప్రాంతముల నుండి వచ్చి కట్టడపు పనులు చేసిన కామాఠీల పేరుమీదనే కామాఠీపుర వెలసినది. నేటికిని ముంబయి వంటయిండ్లలో వంటగట్టుమీద పరచు నల్లరాతిని మరాఠీవారు, గుజరాతీవారు కూడ ‘కడప్పా’ అనియే పిలుతురు. అది మన కడప పేరు. తాండూరు రాయి తెలంగాణము నుండియు, షాబాదు రాయి దానికి పొరుగుననున్న కలబురగి జిల్లా నుండియు వచ్చును. పరుల ఇండ్లకు నేలలు వేసినవారి బిడ్డలు తమ గది నేలకు లెక్క తెలియక అప్పుల పాలగుట తగదు.

మొదటి సంగతి: కొలత. గోడలు కంటికి సమాంతరముగా కనబడినను పాత కట్టడములలో అట్లుండుట అరుదు. కావున పొడవును మూడు చోట్ల, వెడల్పును మూడు చోట్ల కొలిచి, వానిలో పెద్ద కొలతను గ్రహింపవలెను.

రెండవ సంగతి: టైలు పేరు వేరు, పరిమాణము వేరు. రెండడుగుల టైలని వాడుకలో చెప్పబడునది నిజమునకు 600 మిల్లీమీటర్ల చదరము. రెండడుగులనగా దాదాపు 610 మిల్లీమీటర్లు. భేదము స్వల్పమే, కాని దాని వైశాల్యము 4 చదరపుటడుగులు కాక సుమారు 3.875 మాత్రమే యగును. 148ని 3.875చే భాగించినచో 38కి పైగా వచ్చును; అనగా 39 టైళ్ళు కావలెను. మరియొక చిక్కు గమనింపుడు. 10 అడుగులనగా 3,048 మిల్లీమీటర్లు. అయిదు టైళ్ళు పరచినచో 3,000 నిండి, గోడ ప్రక్కన 48 మిల్లీమీటర్ల సందు మిగులును. దానిని పూరించుటకు టైలును సన్నని పట్టీలుగా కోయవలెను. నేర్పరియైన మేస్త్రి ఆ పట్టీలను వంటగట్టు క్రింద, కంటికి కనబడని ప్రక్కకు వచ్చునట్లు అమర్చును.

మూడవ సంగతి: స్కర్టింగు. గది చుట్టుకొలత 52 అడుగులు. తలుపుకు 3 అడుగులు, మోరీ ఆనుకొన్న గోడలకు 7 అడుగులు తీసివేయగా 42 అడుగులు. ఎత్తు 4 అంగుళములు, అనగా అడుగులో మూడవవంతు. కావున 14 చదరపుటడుగులు. నేలతో కలిపి 162.

నాల్గవ సంగతి: తరుగు. మెట్లెక్కించునప్పుడు కొన్ని, కోయునప్పుడు కొన్ని పగులును. ఆ బాలుని ఇంట పగిలినవి మూడు. నూటికి 10 వంతున తరుగు చేర్చుట మేలు. 162కు 16.2 చేర్చగా 178.2. పెట్టెలో 4 టైళ్ళు, అనగా 15.5 చదరపుటడుగులు. భాగించినచో 11.5, కావున 12 పెట్టెలు కొనవలెను. అన్నియు ఒకే విడతవి యగునట్లు పెట్టెమీది గుర్తులు చూచుకొనవలెను. మిగిలిన టైళ్ళను పారవేయక దాచియుంచినచో రేపు ఒకటి పగిలినప్పుడు అక్కరకు వచ్చును.

అయిదవ సంగతి: మాలు. టైలు క్రింద సగటున ఒక అంగుళము మందమున సిమెంటు మాలు వేయుదురనుకొందము. 148ని 12చే భాగించగా 12.33 ఘనపుటడుగులు. నీరు కలిపినప్పుడు పొడి సరకు కుంచించుకొనును గనుక మూడవవంతు అధికముగా, అనగా 16.4 ఘనపుటడుగులు లెక్కింపవలెను. ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ళు ఇసుక యైనచో సిమెంటు 3.28, ఇసుక 13.1 ఘనపుటడుగులు. 50 కిలోల సిమెంటు బస్తా సుమారు 1.25 ఘనపుటడుగులు గనుక 2.6 బస్తాలు. టైలు అడుగున పోయు సిమెంటు పాలకు మరి 60 కిలోలు. మొత్తము 4 బస్తాలు. ఇసుక వ్యాపారులును మేస్త్రీలును ఇక్కడ ‘బ్రాస్’ అను మాట వాడుదురు. ఇసుక విషయమున బ్రాస్ అనగా 100 ఘనపుటడుగులు. నేల విషయమున 100 చదరపుటడుగులు. ఈ భేదము తెలియనివారు బేరములో మోసపోవుదురు.

ఇక ధరలు. ఇవి లెక్క నేర్చుటకై మేము అనుకొన్నవి. మీ దుకాణపు ధరలను వీని స్థానమున వేసికొనుడు. టైళ్ళు 12 పెట్టెలు, 186 చదరపుటడుగులు, అడుగుకు 50 రూపాయల చొప్పున 9,300. సిమెంటు 4 బస్తాలు 1,600. ఇసుక 15 ఘనపుటడుగులు 900. మేస్త్రి కూలి 162 అడుగులకు 30 చొప్పున 4,860. పాత నేల త్రవ్వి, రాళ్ళు దింపి, దూరముగా చేరవేయుటకు 3,000. సరకు మూడంతస్తులు ఎక్కించుటకు 1,200. సందులు పూడ్చుటకు తెల్లసిమెంటు 300. మోరీకి జారని రాయి, నీరు దిగకుండ చేయు పని 2,400. మొత్తము 23,560 రూపాయలు. అనుకోని ఖర్చులకు నూటికి 5 వంతున 1,178 చేర్చినచో 24,738. దుకాణములో మనము చూచి బేరమాడిన టైళ్ళ ధర ఇందులో అయిదింట రెండు వంతులైనను కాదు! ఆ తండ్రి రెండవసారి అప్పు చేయుటకు కారణమిదియే.

రూపాయలలో కనబడని లెక్క ఇంకొకటి కలదు. అది బరువు. 12.33 ఘనపుటడుగుల మాలు, ఘనపుటడుగుకు 60 కిలోల చొప్పున 740 కిలోలు. టైళ్ళు చదరపు మీటరుకు సుమారు 20 కిలోలు, 13.75 చదరపు మీటర్లకు 275. రెండును కలిసి వెయ్యి కిలోలకు పైమాట! రాతిపలకలు పరచినచో ఇంచుమించు రెట్టింపగును. త్రవ్వుటకు ఖర్చగునని పాత నేలమీదనే కొత్త నేల వేసినచో ఈ బరువంతయు అదనముగా పైకప్పుపై, అనగా క్రింది ఇంటివారి తలపై నిలుచును. నగరములోని పాత చాళ్ళలో చెక్క దూలములపై నిలిచినవి అనేకము. వాననీటికి నానిన దూలము ఎంత మోయునో మేస్త్రి మాటవలన గాని, మన గుణకారమువలన గాని తెలియదు. చాల్ సంఘము ద్వారా ఇంజనీరుకు చూపి, యజమాని సమ్మతి పొంది, పిమ్మటనే పనికి పూనుకొనవలెను. నేల ఎత్తు పెరిగినచో తలుపు పట్టదు. మోరీ వైపు వాలు చెడి నీరు గదిలోనికే వచ్చును. కావున మేస్త్రి రసమట్టము పెట్టి చూచునట్లు కోరవలెను.

ఆ బాలుని ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పగలము. అతని గుణకారము సరియైనదే. కాని అతడు కాగితముమీది గదిని లెక్కించెను. నిజమైన గదిలో టైలు పగులును, గోడ వంకరగా నుండును, కూలివానికి ఆకలి యగును, దూలము బరువు మోయును. వీనినన్నిటిని ముందుగా తలచుటయే అంచనా.

అభ్యాసము: మీ గదిని మూడు చోట్ల కొలిచి, పై పద్ధతిని అనుసరించి టైళ్ళు, సిమెంటు, ఇసుక, బరువు లెక్కించుడు. ధరలు మూడు దుకాణములలో విచారింపుడు. ఆ కాగితమును మీ తలిదండ్రులకు చూపుడు. నేల ఇప్పుడే వేయింపకపోయినను, వేయించునాడు మీ తల్లి గాజులు ఒకసారి కన్న ఎక్కువ కుదువకు పోకుండ ఆ కాగితము కాపాడును.