క్యాజువాలిటీ గుమ్మం దగ్గర రెండు నిమిషాలు

చిరంజీవి బుజ్జికి,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నాకు నచ్చలేదమ్మా. ‘‘108 వాళ్లు కేసు తెచ్చి మా నెత్తిన పడేసి చేతులు దులుపుకుని పోతారు’’ అన్నావు. క్యాజువాలిటీలో కొత్తగా చేరిన సిస్టర్లు చాలామంది అనే మాటే అది. ఆ గదిలోనే తల నెరిసినదాన్ని కాబట్టి, నీతో కాస్త తీరిగ్గా చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరేనాటికి 108 అంబులెన్సు లేదు. పేషెంట్లు ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చేవాళ్లు. పాము ఎప్పుడు కరిచిందని అడిగితే తలా ఒక మాట చెప్పేవారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. అప్పటినుంచి మనకంటే ముందు పేషెంటును చూసి, బీపీ, పల్సూ రాసుకున్న మనిషి మన గుమ్మం దాకా వస్తున్నాడు. ఆ మనిషి నోరు తెరవకముందే ‘బెడ్డు లేదు, పక్కన పెట్టు’ అంటే నష్టం మనకే.

నీకు వార్డులో లైట్లున్నాయి, ఆక్సిజన్ పైపుంది, కేకేస్తే డ్యూటీ డాక్టరుగారు వస్తారు. బండి వెనకభాగంలో పేషెంటును చూసుకునే ఈఎంటీ ఒక్కడే. డాక్టరు సలహా కావాలన్నా ఫోన్లోనే. గతుకుల్లో ఊగిపోతున్న బండిలో సూది గుచ్చాలి, ఏడ్చేవాళ్లను సముదాయించాలి, కాగితం నింపాలి. బండి నడిపే పైలట్ సంగతి సరేసరి. బండి వెళ్లని సందుల్లోంచి స్ట్రెచర్ మోసుకొచ్చేదీ అతనే, రాత్రంతా స్టీరింగ్ పట్టేదీ అతనే.

ఒకసారి రాత్రిపూట పురుగులమందు తాగిన రైతును తెచ్చారు. ‘‘పత్తికి కొట్టే మందేదో తాగాడమ్మా’’ అన్నారు ఇంట్లోవాళ్లు. ఈఎంటీ కుర్రాడు మంచం కింద వెతికి, డబ్బాను ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చాడు. చూస్తే అది కలుపుమందు, పారాక్వాట్. మోనోక్రోటోఫాస్ లాంటిదైతే అట్రోపిన్ ఎక్కిస్తాం. పారాక్వాట్‌కు అది విరుగుడు కాదు. పైగా అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయి. ఆ డబ్బా రాకపోతే మా వైద్యం ఎటు పోయేదో నీకు వేరే చెప్పక్కర్లేదు.

పాముకాటు కేసూ అంతే. గాజు ట్యూబులో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డ కట్టిందో లేదో మనం చూస్తాం. కానీ కాటు ఎప్పుడు పడింది, రెప్పలు వాలడం ఎప్పుడు మొదలైంది, కాలికి తువ్వాలు బిగించి ఎంతసేపైంది అన్నవి తెచ్చినవాణ్ని అడగాల్సిందే. బండిలోనే కాన్పయిన తల్లి వస్తే బిడ్డ ఎన్నింటికి పుట్టింది, మాయ పడిందా, ఎన్ని గుడ్డలు తడిశాయి అని ముందు అడుగు. రక్తం ఎంత పోయిందో దుప్పటి మార్చాక నీకు కనపడదు.

అందుకని నాలుగు పనులు అలవాటు చేసుకో. బండి రాగానే రెండు నిమిషాలు నిలబడి విను: ఏం జరిగింది, ఎప్పుడు, ఏం చూశారు, ఏం ఇచ్చారు. విన్నాక వాళ్ల స్ట్రెచర్ తొందరగా ఖాళీ చేసి, టైము వేసి సంతకం పెట్టు. ఆ స్ట్రెచర్ నీ దగ్గర ఇరుక్కుపోతే, ఇంకో ఊళ్లో నొప్పులు పడుతున్న మనిషికి బండి లేనట్టే. తప్పు కనిపిస్తే అటెండర్ల ముందు, బంధువుల ముందు అరవకు. పక్కకు పిలిచి చెప్పు. ఇక చివరిది, అందరూ మరిచిపోయేది: వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు, ‘‘నిన్న మీరు తెచ్చిన ముసలాయన బాగున్నాడు’’ అనో, ‘‘దక్కలేదు బాబూ’’ అనో చెప్పు. ప్రాణం నిలబెడుతూ తెచ్చిన మనిషి ఏమయ్యాడో చాలాసార్లు వాళ్లకు తెలియనే తెలియదు.

అట్లాగని అన్నిటికీ తలూపమని కాదు. కాగితం ఖాళీగా ఇచ్చినా, చెప్పకుండా వెళ్లిపోయినా నిలేసి అడుగు. వినకపోతే వాళ్ల సూపర్‌వైజర్‌కు చెప్పు. వాళ్లు కూడా నువ్వు ఒక్కదానివే పది బెడ్లు చూస్తున్నావని గుర్తించాలి, తెచ్చిన పేషెంటును బెడ్డు మీదికి మార్చడానికి ఒక చెయ్యి వెయ్యాలి. గౌరవం అన్నాక రెండువైపులా ఉండాలి. మొదలుపెట్టేది మాత్రం నువ్వే అయితే నాకు సంతోషం.

బెడ్లు చాలకపోవడం, స్టాఫ్ చాలకపోవడం మీ ఎవరి తప్పూ కాదు. బంధువుల తిట్లు మాత్రం మీ ఇద్దరికీ సమానంగా పడతాయి. ఆ కోపాన్ని మీరు ఒకరిమీద ఒకరు చల్లుకుంటే మధ్యలో నలిగేది పేషెంటు.

రేపు డ్యూటీలో మొదటి బండి రాగానే ‘ఏయ్ 108’ అనకుండా ఆ అబ్బాయి పేరు అడుగు, చెప్పింది పూర్తిగా విను. వారం రోజులు ఇలా చేసి చూసి నాకు ఉత్తరం రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ