చివరి పాదం చదివామా?

2024లో భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందుకంటే 1.5 డిగ్రీలకు పైగా పెరిగింది. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఇవన్నీ చూసి ‘ఇంక అయిపోయింది, ఏం చేసినా దండగే’ అని నాకూ అనిపించింది.

అర్జునుడిదీ ఇదే పరిస్థితి. గీత మొదటి అధ్యాయంలో రాబోయే వినాశనాన్నంతా లెక్కగట్టి చెప్పాడు. విల్లు వదిలేసి రథంలో కూలబడ్డాడు. కృష్ణుడు ‘ఏం కాదులే’ అని బుజ్జగించలేదు. రెండో అధ్యాయం 47వ శ్లోకంలో, పని చేయడం వరకే నీది, ఫలితం నీది కాదు అన్నాడు. మనం అక్కడే ఆగిపోతాం. చివరి పాదం కూడా చూడండి: పని మానేయడం మీదా మనసు పెట్టుకోవద్దు అంటాడు.

నిజం చెప్పాలంటే నిరాశలో ఒక సుఖం ఉంది. ఏమీ చేయక్కర్లేదు కదా! ఆయన వదలమన్నది ఆ సుఖాన్నే.

ఖమ్మం జిల్లా వనజీవి రామయ్య గారు దశాబ్దాల పాటు మొక్కలు నాటుతూనే ఉన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, అయినా ఆపలేదు. 2025లో కన్నుమూశారు. ఆయన నాటిన చెట్లు నీడ ఇస్తున్నాయి.

మా అపార్ట్‌మెంట్‌లో ఇంకుడు గుంత తవ్విద్దామని రెండుసార్లు అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు. మూడోసారి అడుగుతాను. మరి మీరు?